చేయి పడిపోయాక తొడ కండ ఎప్పుడు అక్కరకొస్తుంది?

## క్లుప్తంగా

ప్రమాదంలో మెడ దగ్గర నరాలు తెగి చేయి కదలని వారికి, తొడ లోపలి కండ ఒకదాన్ని రక్తనాళాలతో, నరంతో సహా తీసి జబ్బలో అమర్చే శస్త్రచికిత్స ఉంది. అది కుదిరితే మోచేయి మళ్లీ మడతపడుతుంది. అయితే ఎక్కువమందికి ఇది మొదటి దారి కాదు. గాయమైన మూడు నుంచి ఆరు నెలల్లోపు నరాలకే ఆపరేషన్ చేయగలిగితే సొంత కండే తిరిగి పనిచేసే అవకాశం ఉంటుంది. ఆ గడువు దాటిపోయాక, లేదా కండే నాశనమయ్యాక తొడ కండ అవసరం పడుతుంది. ఫలితం పూర్తిగా తెలియడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. రాయలసీమ జిల్లాల్లో ఈ చికిత్సను దూరం చేస్తున్నది ఖర్చు ఒక్కటే కాదు, నెలల తరబడి జరిగే ఆలస్యం కూడా.

## గందరగోళం ఎక్కడ మొదలైంది

కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల్లో ఎముకల ఓపీ ముందు చేతిని గుడ్డతో మెడకు వేలాడగట్టుకున్న కుర్రాళ్లు కనిపించడం కొత్తేమీ కాదు. బైకు మీద నుంచి పడినవాళ్లే వీళ్లలో ఎక్కువ. విరిగిన ఎముక అతుక్కుంటుంది. కొందరికి మాత్రం ఎముక అతికినా చేయి లేవదు. అప్పుడు ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. బెంగళూరులో ఎవరికో తొడ కండ తీసి చేతికి పెట్టారని ఒకరు చెబుతారు. ఇంకొకరు ఫోన్లో వీడియో చూపిస్తారు. ఆ వీడియోలో ఆపరేషన్ అయిన చేయి నీళ్ల సీసాను ఎత్తుతూ ఉంటుంది. అంతకుముందు రెండేళ్లు ఏం జరిగిందో, ఆ మనిషికి ఆ ఆపరేషనే ఎందుకు చేయాల్సి వచ్చిందో అందులో ఉండదు.

దాంతో కొందరు పడిన నెలకే కండ మార్పిడి చేయమని అడుగుతారు. అంతకంటే ఎక్కువమంది, కండ పెట్టించుకోవడం ఎప్పుడైనా కుదురుతుంది కదా అని నరాల ఆపరేషన్‌ను వాయిదా వేస్తారు. అసలు నష్టం ఈ వాయిదాతోనే.

## నరం ఎక్కడ దెబ్బతింది

పక్షవాతంలోనూ చేయి పడిపోతుంది, బైకు ప్రమాదంలోనూ పడిపోతుంది. చూడటానికి ఒకేలా ఉన్నా లోపల జరిగింది వేరు. పక్షవాతంలో దెబ్బ తగిలేది మెదడుకు. చేతిలోని నరాలు, కండలు అలాగే ఉంటాయి, వాటికి ఆజ్ఞ ఇచ్చే చోటు దెబ్బతింటుంది. తొడ కండ తెచ్చి పెట్టినా దానికీ ఆ ఆజ్ఞ అందదు. అందుకే పక్షవాతం వచ్చినవాళ్లకు ఈ ఆపరేషన్ పనికిరాదు.

బైకు ప్రమాదంలో దెబ్బతినేది మెడ దగ్గరి నరాల అల్లిక. డాక్టర్లు దీన్ని బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. మెడలో వెన్నుపాము నుంచి ఐదు నరాల వేళ్లు బయటికొస్తాయి. వాటికి సీ5, సీ6, సీ7, సీ8, టీ1 అని గుర్తులు. అవి కాలర్ ఎముక కింద ఒకదానితో ఒకటి కలిసి, విడిపోయి, చేతిలోకి దిగుతాయి. పై రెండూ ప్రధానంగా భుజాన్ని ఎత్తడానికి, మోచేయి మడవడానికి. నడిమిది మోచేయి, మణికట్టు చాచడానికి. కింది రెండూ చేతి వేళ్లకు. బండి జారి మనిషి భుజం మీద పడినప్పుడు భుజం ఒకవైపు, తల ఇంకోవైపు విసురుగా పోతాయి. మధ్యలో ఉన్న ఈ నరాల వేళ్లు సాగుతాయి, తెగుతాయి, లేదా వెన్నుపాము నుంచే ఊడి వచ్చేస్తాయి. హెల్మెట్ ప్రాణం కాపాడుతుంది కానీ ఈ నరాలను కాపాడలేదు. వీటి విషయంలో తేడా తెచ్చేది వేగమే.

ఈ మూడింటి మధ్య తేడా చాలా పెద్దది. సాగి ఊరుకున్న నరం వారాల్లోనో నెలల్లోనో తనంతట తాను కోలుకోవచ్చు. మధ్యలో తెగితే కాలి నుంచి స్పర్శ నరం ముక్క తెచ్చి అతకవచ్చు. వెన్నుపాము నుంచి ఊడిపోయిన వేరును మాత్రం తిరిగి అక్కడే అతికించి పనిచేయించే పద్ధతి మామూలు వైద్యంలో లేదు. దానికి వేరే చోటు నుంచి నరం అరువు తేవాలి.

ఏది ఊడింది, ఏది సాగింది అన్నది మొదటి రోజే తేలదు. కొన్ని గుర్తులు మాత్రం ముందే చెబుతాయి. దెబ్బ తగిలిన వైపు కనురెప్ప కొంచెం వాలి, కంటిపాప చిన్నదైతే కింది నరాల వేళ్లు ఊడిపోయి ఉండవచ్చని అర్థం. స్పర్శ లేని చేతిలోనే మంటలు, కరెంటు కొట్టినట్టు నొప్పి రావడం కూడా అలాంటిదే. నరం, కండ మధ్య కరెంటు ప్రసారాన్ని కొలిచే ఈఎంజీ పరీక్ష మూడు నాలుగు వారాలు గడిస్తే తప్ప సరిగ్గా చెప్పలేదు. ఎంఆర్‌ఐలో ఊడిన నరాల వేళ్ల ఆనవాళ్లు కనిపిస్తాయి.

## కండకు గడువుంది

నరం అందని కండ ఊరికే నిద్రపోతూ ఉండదు. రోజురోజుకూ చిక్కిపోతుంది. నరం వచ్చి అంటుకునే చోట్లు మెల్లగా చెరిగిపోతాయి. కండ పోగుల మధ్య కొవ్వు, పీచు చేరతాయి. దాదాపు ఏడాది నుంచి ఏడాదిన్నర గడిచాక నరం వచ్చి తాకినా ఆ కండ ముడుచుకోలేదు. రాయలసీమ రైతుకు తెలిసిన మాటలో చెప్పాలంటే, బోరు మోటరు బాగుండి వైరు తెగితే కొత్త వైరు లాగితే చాలు. అదే మోటరు ఏడాదిన్నర కదలకుండా తుప్పు పట్టి బిగుసుకుపోతే కొత్త వైరు లాగినా నీళ్లు రావు, మోటరునే మార్చాలి.

నరం తిరిగి పెరిగే వేగం ఈ లెక్కను ఇంకా బిగిస్తుంది. అతికిన చోటు నుంచి నరం సుమారు రోజుకు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే నెలకు మూడు సెంటీమీటర్లు. మెడ నుంచి మోచేయి మడిచే కండ దాకా ఇరవై, ఇరవై ఐదు సెంటీమీటర్ల దూరం ఉందనుకుంటే దాదాపు ఎనిమిది నెలల ప్రయాణం. ప్రమాదం జరిగిన మూడో నెలలో ఆపరేషన్ చేస్తే పదకొండో నెలకు నరం కండను చేరుతుంది, అప్పటికి కండలో ఇంకా ప్రాణం ఉంటుంది. అదే ఆపరేషన్ పదో నెలలో చేస్తే నరం చేరేసరికి పద్దెనిమిది నెలలవుతుంది. సర్జన్ అంతే నేర్పుతో కుట్టినా ఫలితం అంతంతమాత్రమే.

చేతి వేళ్ల విషయంలో ఈ లెక్క మరీ కఠినం. అరచేతిలోని చిన్న కండలు మెడకు అరవై సెంటీమీటర్లకు పైగా దూరంలో ఉంటాయి. పెద్దవాళ్లలో నరం అంత దూరం వెళ్లేలోపు వాటి గడువు అయిపోతుంది. ఐదు నరాల వేళ్లూ ఊడిపోయిన పెద్దవాళ్లకు ఏ ఆపరేషన్ చేసినా చొక్కా గుండీ పెట్టుకునేంత వేళ్ల నేర్పు తిరిగి రాకపోవడానికి కారణం ఇదే. ఈ సంగతి ముందే చెప్పే డాక్టరు నిరాశపెడుతున్నట్టు అనిపించవచ్చు. నిజానికి అలాంటి డాక్టరే నమ్మదగినవాడు.

## మొదటి ఆరు నెలల్లో ఉన్న దారి

సాగిన నరం తనంతట కోలుకుంటుందేమో చూడటానికి మొదటి మూడు నెలలు గమనిస్తారు. నరాల వేళ్లు ఊడాయని పరీక్షల్లో స్పష్టంగా తేలితే అంతవరకూ కూడా ఆగరు. ఆ తర్వాత చేసే ఆపరేషన్లలో ఎక్కువగా వాడేది నరం మళ్లింపు. ఒక పని చేస్తున్న నరంలో నుంచి, పోయినా నష్టం తెలియనంత భాగాన్ని తీసి, పనిచేయని కండ నరానికి కుట్టడమే ఇది.

1994లో ఫ్రాన్స్‌కు చెందిన ఒబెర్లిన్ బృందం ప్రచురించిన పద్ధతి దీనికి మంచి ఉదాహరణ. మోచేయి మడిచే కండకు వెళ్లే నరం పక్కనే, చిటికెన వేలి వైపు వెళ్లే అల్నార్ నరం సాగిపోతుంది. అందులోని ఒక చిన్న కట్టను విడదీసి మోచేతి కండ నరానికి కలుపుతారు. కలిపే చోటు కండకు కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది కాబట్టి నరం ఎనిమిది నెలలు పాకాల్సిన పని లేదు. కొద్ది నెలల్లోనే కదలిక మొదలవుతుంది. చేతి పట్టులో వచ్చే తేడా సాధారణంగా తెలియనంత తక్కువ. అయితే కింది నరాల వేళ్లు బాగున్నవాళ్లకే ఇది కుదురుతుంది. ఐదూ పోయినవాళ్లకు పక్కటెముకల మధ్య నరాలో, భుజం ఎగరేసే కండకు వెళ్లే నరమో వాడాలి.

పసిపిల్లల సంగతి కొంచెం వేరు. కాన్పు కష్టమై భుజం ఇరుక్కున్నప్పుడు బిడ్డకు ఇవే నరాలు సాగుతాయి. చాలామంది పిల్లలు వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు. మూడో నెల నిండేసరికి మోచేయి మడవడం మొదలైందా లేదా అన్నది ముఖ్యమైన గుర్తు. మొదలుకాకపోతే ఏడాది నిండేదాకా నూనె మర్దనతో గడపకుండా అప్పుడే నరాల సర్జన్‌కు చూపించాలి.

## గడువు దాటాక: తొడ నుంచి జబ్బకు

ఏడాది దాటి వచ్చినవాళ్లకు, ముందు చేసిన నరాల ఆపరేషన్ ఫలించనివాళ్లకు, ప్రమాదంలోనే కండ చితికిపోయినవాళ్లకు కొత్త కండ తేవడమే మార్గం. ఐదు నరాల వేళ్లూ ఊడినవాళ్లకు కొన్ని కేంద్రాల్లో గడువులోపే నరాల మళ్లింపుతో పాటు దీన్నీ ముందే ప్లాన్ చేస్తారు.

చాలాసార్లు ఎంచుకునేది గ్రాసిలిస్ అనే కండను. తొడ లోపలివైపు కటి ఎముక నుంచి మోకాలి కింద దాకా పట్టీలా సాగే సన్నని కండ అది. తొడలను దగ్గరికి లాగే పనిలో దానికి తోడు ఇంకా బలమైన కండలు ఉన్నాయి, అందుకే దాన్ని తీసేసినా నడకకు, పరుగుకు చెప్పుకోదగ్గ ఇబ్బంది రాదు. దానికి రక్తం ప్రధానంగా ఒకే నాళం ద్వారా అందుతుంది, ఆజ్ఞ ఒకే నరం ద్వారా అందుతుంది. తొడ మొదట్లో ఎనిమిది, పది సెంటీమీటర్ల కింద ఈ నాళం కండలోకి దిగుతుంది. మచ్చ కూడా తొడ లోపల దాగిపోతుంది. కాలు పాడవుతుందేమో, పొలం పనికి వెళ్లలేనేమో అని చాలామంది భయపడతారు. ఆ భయం సహజమే కానీ ఈ కండ విషయంలో దానికి ఆధారం తక్కువ. కొన్నాళ్లు తొడలో నొప్పి, లోపలివైపు కొంత మొద్దుబారడం ఉండొచ్చు.

ఆపరేషన్ గదిలో సాధారణంగా రెండు బృందాలు ఒకేసారి పనిచేస్తాయి. ఒకటి తొడ దగ్గర, ఒకటి భుజం దగ్గర. తొడ దగ్గరి సర్జన్ కండను కోయకముందే చేసే ఒక చిన్న పని మీద తర్వాతి బలమంతా ఆధారపడి ఉంటుంది. కాలు చాచి, కండ సహజంగా సాగి ఉన్నప్పుడు దాని మీద ఐదేసి సెంటీమీటర్లకు ఒక దారం గుర్తు కుడతారు. కోసిన వెంటనే కండ బాగా ముడుచుకుపోతుంది. జబ్బలో అమర్చేటప్పుడు ఆ గుర్తుల మధ్య మళ్లీ ఐదు సెంటీమీటర్లు వచ్చేదాకా లాగి కుడతారు. వదులుగా కుడితే కండ ముడుచుకున్నా మోచేయి కదలదు. మరీ బిగించి కుడితే పోగులకు రక్తం అందదు, బలమూ రాదు.

కండ పైకొసను కాలర్ ఎముక దగ్గర, కింది కొసను మోచేయి మడిచే కండ స్నాయువులో, అంటే ఆ కండను ఎముకకు కట్టే తాడులో, అల్లి కుడతారు. ఆ తర్వాత మైక్రోస్కోప్ కింద అసలు పని. ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం ఉండే ధమనిని, సిరను భుజం దగ్గరి నాళాలకు, వెంట్రుక కన్నా సన్నని దారంతో కలుపుతారు. కండను తొడ నుంచి వేరు చేసిన క్షణం నుంచి రక్తం మళ్లీ పారేదాకా దానికి ఆక్సిజన్ ఉండదు. చర్మం, ఎముకల కంటే కండ ఈ కరువును తక్కువ సేపు తట్టుకుంటుంది, అందుకే వీలైతే రెండు గంటల లోపే రక్తం పారించాలని చూస్తారు. చివర నరం. కండతో వచ్చిన నరాన్ని భుజం ఎగరేసే నరానికో, పక్కటెముకల నరాలకో, వీలైనంత కండకు దగ్గరగా కలుపుతారు. దగ్గరగా కలిపితే నరం పాకాల్సిన దూరం తగ్గుతుంది. కొత్త కండ గడువు కూడా తొడ నుంచి తీసిన రోజు నుంచే మొదలవుతుంది మరి. మొత్తం మీద ఇది పొద్దున మొదలై సాయంత్రం దాకా నడిచే ఆపరేషన్.

తర్వాతి రెండు మూడు రోజులు అన్నిటికంటే కీలకం. కలిపిన నాళంలో రక్తం గడ్డకడితే కండ చచ్చిపోతుంది. అందుకే కండతో పాటు దాని మీది చర్మం ముక్కను కూడా చాలాసార్లు తెస్తారు. నర్సు గంటగంటకూ ఆ చర్మం రంగు, వేడి, నొక్కితే రంగు తిరిగి వచ్చే తీరు చూస్తుంది. నీలంగా మారినా, పాలిపోయినా అర్ధరాత్రి అయినా మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్తారు. బీడీ, సిగరెట్, ఖైనీ అలవాటున్నవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. నికోటిన్ సన్నని నాళాలను బిగించేస్తుంది కాబట్టి ఆపరేషన్‌కు వారాల ముందే మానేయమంటారు.

## చేతికి వచ్చిన కండ నేర్చుకునేది

మొదటి కొన్ని వారాలు చేతిని కట్టులో ఉంచుతారు. ఆ తర్వాత మూడు నాలుగు నెలలు చూడటానికి ఏమీ జరగదు. ఇంటిల్లిపాదీ ఆపరేషన్ ఫెయిలైందని డీలా పడేది ఈ కాలంలోనే. లోపల నరం మిల్లీమీటరు మిల్లీమీటరుగా పాకుతూ ఉంటుంది. నాలుగో నెలకో ఆరో నెలకో జబ్బ మీద చేయి వేసి చూస్తే కండ సన్నగా అదిరినట్టు తెలుస్తుంది.

పక్కటెముకల నరం కలిపి ఉంటే ఆ మొదటి కదలిక గట్టిగా ఊపిరి పీల్చినప్పుడో, దగ్గినప్పుడో వస్తుంది. ఆ నరానికి మెదడు ఇచ్చే ఆజ్ఞ ఇప్పటిదాకా ఊపిరిదే. భుజం ఎగరేసే నరమైతే భుజం ఎగరేస్తేనే మోచేయి మడుస్తుంది. ఫిజియోథెరపిస్ట్ దగ్గర రోగి ఊపిరి బిగబట్టి మోచేయి మడిచే ప్రయత్నం చేస్తుంటే చూసేవాళ్లకు విచిత్రంగా ఉంటుంది. కొన్ని నెలల సాధనతో మెదడు ఈ కొత్త దారిని గుర్తుపడుతుంది, ఊపిరితో పని లేకుండా చేయి మడుస్తుంది. ఈ మార్పు సాధన మానేసినవాళ్లలో రాదు. ఆపరేషన్ ఎంత బాగా చేసినా ఫలితంలో సగం ఈ దశలోనే తేలుతుంది.

బలాన్ని 0 నుంచి 5 దాకా కొలుస్తారు. 3 అంటే చేతి సొంత బరువును భూమ్యాకర్షణకు ఎదురుగా ఎత్తగలగడం. 4 అంటే కొంత బరువునూ ఎత్తగలగడం. అనుభవమున్న కేంద్రాల్లో మోచేయి మడవడం కోసం ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో ఎక్కువమంది 3కు గానీ ఆపైకి గానీ చేరుతున్నారు. 5, అంటే మునుపటి బలం, మాత్రం చాలా అరుదు. ఆ చేతితో యూరియా బస్తా ఎత్తడం కుదరదు. మోచేయి మడిచి సంచి తగిలించుకోవచ్చు, పళ్లెం ఆనించి పట్టుకోవచ్చు, రెండో చేతికి ఆసరా ఇవ్వొచ్చు. వేళ్ల పట్టు మిగిలి ఉన్నవాళ్లు సంకటి ముద్ద నోటిదాకా తీసుకెళ్లగలరు. మోచేతికే మొదటి ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఇదే. వేళ్లు ఎంత బాగున్నా మోచేయి మడవకపోతే చేయి నోటిని చేరదు.

జపాన్ సర్జన్ కజుతెరు దోయి ఇంకో అడుగు ముందుకు వేసి రెండు కాళ్ల నుంచి రెండు కండలు తెచ్చే పద్ధతిని రూపొందించారు. ఒకటి మోచేయి మడవడంతో పాటు వేళ్లు చాచడానికి, రెండోది వేళ్లు ముడవడానికి. మోటు పట్టు వరకు దీనితో సాధ్యం. రెండు పెద్ద ఆపరేషన్లు, అంతకు రెట్టింపు ఓపిక కావాలి కాబట్టి దీనికి అందరూ సరిపోరు. స్పర్శ, ఊడిన నరాల మంట నొప్పి ఈ ఆపరేషన్లతో తీరేవి కావు. వాటికి వేరే చికిత్సలు చూడాలి.

## బిగుసు కట్టు వల్ల చచ్చిన కండ

మనుషుల్లో ఈ తరహా కండ మార్పిడిని మొదట చేసింది 1973లో చైనాలోని షాంఘై సర్జన్లు. అంతకు మూడేళ్ల ముందు జపాన్‌లో తమాయ్ బృందం కుక్కల్లో ఇది సాధ్యమేనని చూపింది. షాంఘైలో ఆ ఆపరేషన్ చేసింది ఊడిన నరాలకు కాదు. ముంజేతి కండలు రక్తం అందక చచ్చి, పీచుగా మారి, వేళ్లు కొంకర్లు పోయిన చేతికి. దీన్ని ఫోక్‌మన్ కాంట్రాక్చర్ అంటారు. వేళ్లు ముడిచే పని కోసం ఛాతీ కండలో కొంత భాగాన్ని తెచ్చి ముంజేతిలో అమర్చారు.

రాయలసీమకు ఈ జబ్బు దగ్గరి సంగతి. పిల్లలు చింతచెట్టు మీద నుంచో మిద్దె మీద నుంచో పడి మోచేతి పైన ఎముక విరిగినప్పుడు లోపల వాపు వేగంగా పెరుగుతుంది. ఆ వాపు మీద బిగించి కట్టు కడితే లోపలి ఒత్తిడికి కండకు రక్తం ఆగిపోతుంది. వెదురు బద్దల నాటు కట్టులోనూ ఇది జరుగుతుంది, ఆసుపత్రిలో వేసిన పిండికట్టులోనూ జరుగుతుంది. కట్టు ఎవరు కట్టారన్నది కాదు, వాపు పెరిగాక దాన్ని వదులు చేశారా లేదా అన్నదే ముఖ్యం. కట్టు వేశాక బిడ్డ ఆగకుండా ఏడుస్తుంటే, వేళ్లను మెల్లగా చాచినా నొప్పికి కేకపెడుతుంటే, వేళ్లు తిమ్మిరెక్కితే తెల్లారేదాకా ఆగకూడదు. ఆరేడు గంటలు రక్తం అందకపోతే కండ మళ్లీ బతకదు. ఆ రాత్రే కట్టు విప్పదీస్తే, అవసరమైతే చర్మం కింది పొరను కోసి ఒత్తిడి తగ్గిస్తే, ఏళ్ల తర్వాత తొడ కండ తెచ్చే అవసరమే రాదు.

## ముఖం విషయంలో

మూతి వంకరపోయిన ప్రతివాళ్లకూ కండ మార్పిడి అవసరం లేదు. హఠాత్తుగా వచ్చే బెల్స్ పాల్సీలో చాలామంది కొన్ని వారాల్లో, నెలల్లో కోలుకుంటారు. మొదటి మూడు రోజుల్లో స్టెరాయిడ్ మందు మొదలుపెడితే ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. కణితి ఆపరేషన్‌లో ముఖ నరం పోయినవాళ్లకు, పుట్టుకతోనే ఒకవైపు కదలనివాళ్లకు, ఏళ్లు గడిచినా ముఖం తిరిగి కదలనివాళ్లకు గ్రాసిలిస్ ముక్కను చెంపలో అమర్చుతారు. 1976లో జపాన్ సర్జన్ హరీ బృందం ఈ పద్ధతిని ప్రచురించింది. నమిలే కండ నరానికి కలిపితే ఒకే ఆపరేషన్‌తో సరిపోతుంది, మొదట్లో పళ్లు బిగిస్తేనే నవ్వు వస్తుంది. బాగున్న వైపు ముఖ నరం నుంచి కాలి నరం ముక్కతో దారి వేసి, తొమ్మిది నెలలో ఏడాదో ఆగి కండ పెడితే రెండు వైపులా కలిసి నవ్వే అవకాశం ఉంటుంది.

## పక్క కండతో సరిపోయే చోట

పోయిన కదలిక ప్రతిదానికీ మైక్రోస్కోప్ ఆపరేషన్ అక్కర్లేదు. కుష్ఠు వల్ల వేళ్లు కొంకర్లు పోయినా, పాదం వాలిపోయినా, నాలుగు కండలు పోయి పక్కన రెండు బాగున్నప్పుడు, బాగున్నదాని స్నాయువును తీసి పోయినదాని చోట కుడితే చాలు. కండ తన రక్తనాళంతో, నరంతో ఉన్నచోటే ఉంటుంది, లాగే దిశ ఒక్కటే మారుతుంది. ఈ విద్యకు దక్షిణ భారతం ప్రపంచానికే పాఠశాల. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1940ల చివర్లో కుష్ఠు రోగుల చేతులకు ఈ ఆపరేషన్లు మొదలుపెట్టారు. అదే రకంగా వీపు కండను దాని నాళం, నరం తెంచకుండానే ముందుకు తిప్పి మోచేయి మడవడానికి వాడుకోవచ్చు, ఆ కండ నరం బాగుంటే. ఆపరేషన్ చిన్నది, ఫలితం వారాల్లో మొదలవుతుంది, నాళంలో రక్తం గడ్డకట్టే భయం తక్కువ. దగ్గర్లో వాడుకోదగ్గ కండ ఏదీ మిగలనప్పుడే దూరం నుంచి తెచ్చే మాట రావాలి.

## సీమ జిల్లాల్లో నెలలు ఎక్కడ పోతున్నాయి

44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు, అనంతపురం మీదుగా హైదరాబాద్, బెంగళూరులను కలుపుతుంది. కర్నూలు నుంచి కడప మీదుగా 40వ నంబరు రహదారి సాగుతుంది. ఈ దారుల్లో, వాటిలో కలిసే ఊళ్ల రోడ్లలో బైకు ప్రమాదంలో గాయపడినవాళ్లను ముందు దగ్గరి ఆసుపత్రికి తెస్తారు. తల గాయం, తొడ ఎముక, పొట్టలో రక్తస్రావం, వీటి ముందు కదలని చేయి చిన్న సమస్యగా కనిపిస్తుంది. ప్రాణం దక్కిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. చేయి కదలకపోతే కట్టు వల్లనో, నొప్పి వల్లనో అనుకుంటారు. కట్టు విప్పేసరికి నెలన్నర, రెండు నెలలు. అప్పుడు ఎవరో ఒకరు నరం దానంతట అదే వస్తుందని చెబుతారు. అది సగం నిజం. ఎన్ని వారాల్లో రావాలి, రాకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్న రెండో సగం ఎవరూ చెప్పరు. తేదీ లేని ఎదురుచూపే ఈ రోగులకు అన్నిటికంటే పెద్ద శత్రువు. డిశ్చార్జి కాగితం మీద చేతి కదలిక, స్పర్శ రాసి, మళ్లీ చూపించాల్సిన తేదీ వేస్తే చాలావరకు ఈ నష్టం ఆగుతుంది. అందుకు కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు.

మిగతా నెలలు డబ్బు సర్దుకోవడంలో, మర్దనలో, పసరు కట్టులో పోతాయి. తర్వాత దూరం. కర్నూలు వాళ్లకు హైదరాబాద్, అనంతపురం వాళ్లకు బెంగళూరు రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. కడప వాళ్లు తిరుపతి, వెల్లూరు వైపు చూస్తారు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఆ పథకంలో ఏ ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందన్నది ఆపరేషన్ పేరును బట్టి మారుతుంది. సర్జన్ చేత పేరు రాయించుకుని ఆసుపత్రిలోని ఆ పథకం సహాయ కేంద్రంలో ముందే అడగడం మంచిది. పథకం ఆపరేషన్ ఖర్చు మోసినా, రెండేళ్లు ఫిజియోథెరపీకి తిరిగే చార్జీలు, పోయిన కూలి ఇంటి మీదే పడతాయి. ఆ భారం తగ్గాలంటే ఆపరేషన్ ఎక్కడ చేసినా ఫిజియోథెరపీ మాత్రం సొంత జిల్లాలో జరగాలి. సర్జన్ రాసిచ్చిన వ్యాయామాల కాగితం తెస్తే జిల్లా కేంద్రంలోని ఫిజియోథెరపిస్ట్ దాన్ని కొనసాగించగలరు.

ఆపరేషన్ ముందు కీళ్లు బిగుసుకోకుండా చూసుకోవడం ఇంటివాళ్ల చేతిలోని పని. చేయి తనంతట తాను కదలకపోయినా, రోజుకు రెండు మూడు సార్లు ఇంట్లో ఎవరైనా భుజం, మోచేయి, మణికట్టు, వేళ్లను మెల్లగా పూర్తిగా మడిచి చాచాలి. ఇది చేయక మోచేయి బిగుసుకుపోయిన రోగికి ఎంత మంచి కండ పెట్టినా అది లాగడానికి కీలు కదలదు, ముందు ఆ బిగుతు వదిలించుకునేదాకా సర్జన్ ఆపరేషన్ తేదీ ఇవ్వడు. స్పర్శ లేని చేతికి పొయ్యి సెగ, వేడి గంజి, సైలెన్సర్ తగలకుండా చూసుకోవడం కూడా అంతే అవసరం.

సర్జన్ దగ్గరికి మొదటిసారి వెళ్లేటప్పుడు ప్రమాదం జరిగిన తేదీ, డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, తీయించి ఉంటే ఈఎంజీ, ఎంఆర్‌ఐ వెంట ఉండాలి. ఏ నెలలో ఏ కదలిక వచ్చిందో, అసలు రాలేదో ఒక కాగితం మీద రాసుకుని, నెలకోసారి ఫోన్లో తీసిన వీడియో చూపిస్తే ఇంకా మేలు. అక్కడ అడగాల్సిన ప్రశ్నలు రెండు ముఖ్యం. ఎన్ని నరాల వేళ్లు ఊడాయి? సొంత కండకు ఇంకా గడువు ఉందా? మొదటి ప్రశ్నకు జవాబు పరీక్షలు చెబుతాయి. రెండోదానికి జవాబు సగం ఆ ప్రమాదం తేదీలోనే ఉంటుంది. ఐదో నెలలో వచ్చిన రోగికి, పదిహేనో నెలలో వచ్చిన రోగికి గాయం అచ్చు ఒకటే అయినా సర్జన్ చెప్పే ఆపరేషన్ వేరుగా ఉంటుంది.